ముందు గొర్రె, తర్వాత కోడి, ఆఖర్న విత్తనం

మాకు బెంగళూరు దగ్గర హొసకోట దాటాక 20 గుంటల నేల ఉంది, మన ఆంధ్రా లెక్కలో అయితే 50 సెంట్లు. ఎర్ర నేల. అందులో కూరగాయల మళ్ళు, ఒక కోళ్ళ గూడు, ఆరు గొర్రెలు. వారమంతా బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు అక్కడ. మిగతా రోజుల్లో తోటని చూసుకునే దంపతులిద్దరిదీ కోలారు వైపు తెలుగు. కానుగ చెట్టుని హొంగె అంటారు, గొంగళిని కంబళి అంటారు, అంతకు మించి మాటకి ఇబ్బందేమీ లేదు. మీకూ ఇలాంటి చిన్న ముక్క ఉండి, ఈ శివరాత్రి నుంచి ఏం చేయాలా అని చూస్తుంటే, నేను తప్పులు చేసి నేర్చుకున్న వరస ఇది.

ముందుగా ఒక మాట. ఫోన్‌లో వచ్చే విదేశీ తోటల వీడియోలు చూసి "వసంతం వచ్చింది, అన్నీ విత్తేద్దాం" అనుకోకండి. వాళ్ళకి అప్పుడే మంచు కరిగి నేల మెత్తబడుతుంది. మనకి అప్పుడే బావి అడుగంటుతుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అనంతపురం ఎండలు ఇక్కడ ఉండవన్నది నిజమే, కానీ మార్చి, ఏప్రిల్ నెలల్లో 33, 34 డిగ్రీలు మామూలు, 2024 ఏప్రిల్‌లో అయితే 38 కూడా దాటింది. అందుకని శివరాత్రి నుంచి ఉగాది దాకా చేసే పనంతా ఎండని తట్టుకునే ఏర్పాటే. మొదటి ఏడాది నేను దీన్ని తలకిందులుగా చేశాను. ఉగాదికి విత్తనాలు వేసి, ఆ తర్వాత నీడ సంగతి, ఎరువు సంగతి, ఆఖర్న గొర్రెల సంగతి చూశాను. మే నెలకి మిగిలినవి గోంగూర, మునగ చెట్టు.

మొదటి పని: ఉన్ని కత్తిరించడం

మీ గొర్రెలు ఏ జాతివో ముందు తెలుసుకోండి. నెల్లూరు గొర్రెలైతే ఈ భాగం వదిలేయొచ్చు, వాటికి ఉండేది వెంట్రుకే, కత్తిరించేంత ఉన్ని ఉండదు. ఇక్కడి బన్నూరు గొర్రె కూడా మాంసానికే పేరు. దక్కనీ, బళ్ళారి జాతులకైతే ముతక ఉన్ని ఉంటుంది, నలుపో బూడిద రంగో, దాన్ని ఎండ ముదరక ముందే తీసేయాలి. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి వారం మంచి సమయం. మరీ ముందు తీస్తే రాత్రి చలికి వణుకుతాయి, ఏప్రిల్ దాకా ఆగితే ఆ ఉన్ని కింద పిడుదులు కాపురం పెడతాయి.

రెండు రోజుల ముందు గొర్రెల్ని పైపు నీళ్ళతో బాగా కడిగి, శుభ్రమైన చోట కట్టేయండి, పూర్తిగా ఆరాలి. తడి ఉన్ని కత్తిరిస్తే సంచిలో మక్కిపోతుంది. ముందు రోజు రాత్రి మేత పెట్టకండి. నిండు కడుపుతో ఉన్న గొర్రెని వెల్లకిలా కూర్చోబెడితే ఊపిరాడక గింజుకుంటుంది, మీరు కత్తెర పట్టుకుని ఉంటారు, ఆ రెండూ కలిస్తే మంచిది కాదు.

పొద్దున్నే నేల మీద టార్పాలిన్ పరిచి, గొర్రెని మీ మోకాళ్ళ మధ్య పిరుదుల మీద కూర్చోబెట్టండి. అలా కూర్చున్నాక అది విచిత్రంగా ఊరుకుంటుంది. ముందు పొట్ట కింద, తర్వాత ఒక పక్క, వీపు, రెండో పక్క. ఎడం చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, కత్తెర చర్మానికి ఆనించి కోయాలి, ఉన్నిని పైకి లాగి మాత్రం కోయకండి. లాగితే చర్మం కూడా గుడారంలా లేచి తెగుతుంది. ఒకసారి కోసిన చోట ఎగుడుదిగుడుగా ఉందని మళ్ళీ కోయకండి, ఆ పొట్టి ముక్కలు వడకడానికి పనికిరావు. గొర్రె అందంగా కనబడక్కర్లేదు. ఎక్కడైనా తెగితే వెంటనే పసుపు, వేపనూనె కలిపి రాయండి, ఈగ వాలితే పురుగు పడుతుంది. చేత కాకపోతే కత్తిరించేవాళ్ళని పిలిపించుకోండి, సిగ్గేం లేదు, నేను మొదటి రెండేళ్ళూ అదే చేశాను.

కత్తిరించిన నాలుగైదు రోజులు గొర్రెల్ని మధ్యాహ్నం ఎండలోకి తోలకండి, చర్మం కమిలిపోతుంది. నట్టల మందు కూడా ఇదే వారంలో పశువైద్యుడిని అడిగి, బరువుని బట్టి పట్టించండి.

ఇక ఆ ఉన్నిని ఏం చేయాలి? అమ్మితే డబ్బులొస్తాయన్న ఆశ ఉంటే వదిలేయండి, ముతక ఉన్నికి వచ్చే ధర కత్తిరించిన కూలికి కూడా చాలదు. చిత్రదుర్గ జిల్లాలో చళ్ళకెరె వైపు ఇప్పటికీ కంబళ్ళు నేసేవాళ్ళున్నారు, నూలుకి చింతగింజల గంజి పెట్టి మగ్గం మీద నేస్తారు, ఆ గంజి వల్లే కొత్త కంబళి అట్టలా బిరుసుగా ఉంటుంది. వీపు, పక్కల ఉన్ని శుభ్రంగా ఉంటే దాన్ని వేరు చేసి, రంగుల వారీగా గోనె సంచుల్లో ఎండు వేపాకు వేసి దాచండి, నేసేవాళ్ళు దొరికితే ఇవ్వొచ్చు. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పడుతుంది. పొట్ట కింద ఉన్ని, పెంట అంటుకున్న ఉన్ని, పొట్టి ముక్కలు వేరే సంచిలో వేయండి. తోటకి కావలసింది అవే. దాని సంగతి కాసేపట్లో.

రెండో పని: కోళ్ళ గూడు ఖాళీ చేయడం

చలికాలమంతా కింద పరిచిన ఊక రెట్టలతో కలిసి గట్టిపడి ఉంటుంది. అంతా గోకి బయటికి తీయండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. గూడు గోడలకి, కర్రలకి సున్నం కొట్టి రెండు రోజులు ఆరబెట్టండి. కర్రల సందుల్లో పేలు, నల్లులు దాక్కుంటాయి, సున్నం అక్కడికీ చేరాలి.

తీసిన ఊకని మాత్రం నేరుగా మొక్కలకి వేయకండి. ఇది నేను టమాటాల మీద చేసి చూశాను, వారంలో ఆకుల అంచులు మాడి, పది రోజులకి మొక్కలు కూర్చుండిపోయాయి. పచ్చి కోడిపెంటలో నత్రజని ఎక్కువ, అది అమ్మోనియాగా మారుతూ వేళ్ళని కాలుస్తుంది. ఒక బుట్ట కోడిపెంటకి మూడు బుట్టల ఎండుటాకు లెక్కన పొరలు వేసి, నడుం ఎత్తు కుప్ప చేసి, పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి పెట్టండి. నాలుగో రోజుకి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి రావాలి. వారానికోసారి తిరగేయండి. రెండు, రెండున్నర నెలలకి అది మట్టి వాసన వస్తుంది, అంటే ఏప్రిల్ ఆఖర్న వచ్చే భరణి కార్తెకి చేతికొస్తుంది.

ఎండుటాకు బెంగళూరులో దొరికినంత దండిగా ఇంకెక్కడా దొరకదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కానుగ, వాన చెట్లు, మహాగని అన్నీ ఒకేసారి రాలుస్తాయి. మా అపార్ట్‌మెంట్లో ఊడ్చేవాళ్ళు పోగేసి పెడతారు, ఐదారు సంచులు కారు డిక్కీలో వేసుకుని శనివారం తోటకి పట్టుకెళ్తాను. కారులో చీమలు పాకుతాయని మా ఆవిడ గొడవ చేస్తుంది, ఆవిడ అన్నదే నిజం, పాకుతాయి.

ఒక జాగ్రత్త. కోళ్ళ దాణా సంచి గొర్రెలకి అందకుండా పెట్టండి. కోళ్ళ దాణాలో కలిపే రాగి కోళ్ళకి సరిపోతుంది, గొర్రెలకి మాత్రం కాలేయంలో పేరుకుపోయి విషమవుతుంది. పైగా గింజలు ఒక్కసారిగా ఎక్కువ తిన్నా కడుపు ఉబ్బి చస్తాయి.

మూడో పని: కోడిపిల్లలు

శివరాత్రి దాటిన వారంలో పిల్లల్ని తెచ్చుకుంటే జూన్ వానలకి మూడు నెలల వయసొచ్చి గట్టిపడతాయి. వానల్లో తడి ఊక మీద పసిపిల్లలకి రక్తపారుడు పట్టడం మామూలు, పెద్దవైతే చాలావరకు తట్టుకుంటాయి.

ఏ రకం? గుడ్లు, మాంసం రెండూ కావాలంటే ఇక్కడి హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైన గిరిరాజ, స్వర్ణధార ఉన్నాయి, హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవి వనరాజ, గ్రామప్రియ ఉన్నాయి. ఇవి నాటుకోడి కంటే బాగా గుడ్లు పెడతాయి గానీ పొదగవు. అందుకని రెండు మూడు నాటు పెట్టలు ఉంచుకోండి, పొదగేయడానికి అవే దిక్కు. పొదుగుకొచ్చిన పెట్ట కింద 10, 12 గుడ్లు చాలు, అన్నీ వారం లోపువే అయ్యుండాలి. ఏడో రోజు రాత్రి చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూడండి, సాలెగూడులా నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఏమీ కనిపించకపోతే తీసేయండి. 21 రోజులకి పిల్లలు. మా అమ్మ పొదుగు బుట్టలో ఒక ఇనుప ముక్క, బొగ్గు వేయమంటుంది, ఉరుములకి గుడ్లు చెడకుండా. వేస్తాను. పోయేదేముంది.

కొన్న పిల్లలైతే తల్లి వేడి మీరే ఇవ్వాలి. వెదురు చాపతో గుండ్రంగా దడి కట్టండి, మూలలు ఉంటే పిల్లలు అక్కడ కుప్పపడి కింద ఉన్నవి చస్తాయి. రెండంగుళాల ఊక, దాని మీద మొదటి మూడు రోజులు పాత పేపర్లు. పిల్లకి 2 వాట్ల లెక్కన బల్బు, అంటే 30 పిల్లలకి 60 వాట్లు, కానీ పాతకాలం ఫిలమెంట్ బల్బే కావాలి. నేను ఎల్ఈడీ బల్బు పెట్టి, వెలుగు బాగానే ఉంది కదా అనుకుని పడుకున్నాను. ఎల్ఈడీకి వేడి రాదు. పొద్దునకి ఏడు పిల్లలు పోయాయి.

మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్నే చూడండి. బల్బు కింద ముద్దగా ఉంటే చలి, దడి అంచుకి చేరి నోరు తెరిస్తే వేడి, అంతటా తిరుగుతుంటే సరిపోయింది. వచ్చిన వెంటనే ఒక్కోదాని ముక్కు నీళ్ళలో ముంచి చూపించండి, ఆ నీళ్ళలో కాస్త బెల్లం కలపండి, ఆ తర్వాత మేత.

టీకాల్లో బేరాల్లేవు. అన్నీ వేశాం అని అమ్మినవాళ్ళు చెప్పిన మాట నమ్మి ఒక బ్యాచ్ మొత్తం కొక్కెర తెగులుకి పోగొట్టుకున్నాను, ఏం వేశారో కాగితం మీద రాయించుకోండి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకి లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండు వారాలకి గంబోరో జబ్బుకి టీకా, నాలుగు వారాలకి లసోటా మళ్ళీ, ఆ తర్వాతవి మీ ప్రాంతం పశువైద్యుడు చెప్పినట్టు. లసోటా నీళ్ళలో ఇస్తే కార్పొరేషన్ నీళ్ళు వాడకండి, క్లోరిన్ టీకాని చంపేస్తుంది, బోరు నీళ్ళలో లీటరుకి చెంచా పాలపొడి కలిపి అందులో వేయండి. చిన్న సీసాలో కూడా మామూలుగా 100 డోసులుంటాయి, విప్పాక దాచడానికి లేదు, కాబట్టి చుట్టుపక్కల కోళ్ళున్న వాళ్ళని కలుపుకుని ఒకే సాయంత్రం అందరికీ వేసేయండి. మా దగ్గర నాలుగిళ్ళ వాళ్ళం అలాగే చేస్తాం.

నాలుగో పని: నీళ్ళు, నీడ, మళ్ళు

విత్తనం కొనే ముందు ఒక లెక్క వేయండి. ఏప్రిల్ ఆఖరున మీ బోరు రోజుకి ఎంత ఇస్తుంది? ఫిబ్రవరిలో ఇచ్చేది కాదు. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండి, తాగునీటితో తోటలు తడిపినా, కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుండే ఉంటుంది. తోటలో జరిమానా వేసేవాళ్ళుండరు, మొక్కలే ఎండుతాయి. నీళ్ళు సగమే ఉంటే మళ్ళు సగమే వేయండి, మిగతా సగంలో గొర్రెల మంద కట్టండి. రోజుకో చోట దడి జరుపుతూ రాత్రిళ్ళు గొర్రెల్ని అక్కడ పడుకోబెడితే పెంట, మూత్రం రెండూ నేలకి అందుతాయి, జూన్‌లో రాగులు చల్లుకోవచ్చు.

వేసే మళ్ళకి డ్రిప్ పైపు, పడమటి వైపు 50 శాతం షేడ్ నెట్. తీగ కూరలకి అడుగు లోతు గుంతలు, ఒక్కో గుంతకి రెండు బుట్టల మాగిన గొర్రె ఎరువు, గుప్పెడు వేపపిండి. కోళ్ళ ఎరువు ఇంకా మాగుతోంది కదా, దాన్ని భరణికి పైపాటుగా వేద్దురు గాని.

ఇప్పుడు ఆ రెండో సంచి ఉన్ని తీయండి. మొక్క మొదలు చుట్టూ రెండంగుళాల మందం పరిచి, బాగా తడిపి, దాని పైన ఎండుటాకు కప్పి, నాలుగు మట్టిగడ్డలు పెట్టండి. ఆకు కప్పకపోతే కాకులు, పిచ్చుకలు గూళ్ళకి ఎత్తుకుపోతాయి, కోళ్ళు చిందరవందర చేస్తాయి. ఉన్ని నీళ్ళని పట్టి ఉంచుతుంది, నేల పైపొర గట్టిపడదు, మెల్లగా కుళ్ళుతూ ఏడాదంతా నత్రజని ఇస్తుంది. పోయినేడు ఒకే రోజు నాటిన రెండు వంగ వరసల్లో ఉన్ని కప్పిన వరసకి రోజు విడిచి రోజు నీళ్ళు సరిపోయాయి, కప్పని వరస ప్రతి సాయంత్రం వాడిపోయేది. అమ్మితే ఏమీ రాని ఉన్ని అని నేను బాధపడటం అప్పట్నుంచే మానేశాను.

ఐదో పని: విత్తనాలు

ఉగాది అటూ ఇటూ వారంలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బీర, సొర, కాకర, దోస, గుమ్మడి వేసుకోవచ్చు. క్యారెట్, ముల్లంగి, కొత్తిమీర ఆశపడకండి, కొత్తిమీర మొలిచీ మొలవకుండానే పూతకొస్తుంది. టమాటా, మిరప నారు ఫిబ్రవరిలోనే పోసి ఉంటే ఇప్పుడు సాయంత్రం పూట నాటండి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ని, ఎండు తెగులుని తట్టుకుంటుంది, కానీ అది హైబ్రిడ్, విత్తనం తీసి మళ్ళీ వేస్తే అదే కాయ రాదు. బెండలో వాళ్ళదే అర్క అనామిక ఉంది, పల్లాకు తెగులుని తట్టుకునే రకమని పేరు.

తీగ కూరలు పూసి పిందె రాలిపోతుంటే మందు కొట్టకండి, ముందు తేనెటీగలున్నాయా చూడండి. లేకపోతే మీరే చేయాలి. గుమ్మడి, దోస, కాకర పువ్వులు పొద్దున్నే విచ్చుకుంటాయి, సొర, బీర సాయంత్రం. చాలామంది పొద్దున్న వెళ్ళి సొర పువ్వు వెతికి, వాడిపోయిందని వచ్చేస్తారు. వెనక చిన్న కాయ ఉన్నది ఆడ పువ్వు. మగ పువ్వు తెంపి, రేకులు తుంచేసి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో రుద్దండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకి సరిపోతుంది.

గుమ్మడి పెంకు పురుగుకి పొద్దున్నే మంచు తడి మీద బూడిద చల్లండి. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మొదట్లో వేపనూనె పనిచేస్తుంది, ముదిరితే చేయదు.

ఏప్రిల్ ముదిరాక కోళ్ళ సంగతి

నోరు తెరిచి ఎగరొప్పుతున్నాయంటే వేడి ఎక్కువైనట్టు. గూడు పైకప్పు మీద తడి గోనె సంచులు, రోజుకి మూడుసార్లు చల్లటి నీళ్ళు, మేత పొద్దున్నే, పొద్దుగూకాకే. ఈ రోజుల్లో గుడ్డు పెంకు పల్చబడితే మేత నాసిరకం అనుకోకండి. ఎగరొప్పినప్పుడు ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, పెంకు కట్టడానికి కావలసింది అదే. నత్తగుల్లల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసినంత తింటాయి.

భరణి కార్తె ఏప్రిల్ ఆఖరున వస్తుంది. భరణి వాన పడితే ధరణంతా పంటే అని ఇక్కడి కన్నడ రైతుల మాట. ఆ వాన తర్వాత, నేల తడిగా ఉన్నప్పుడు, మాగిన కోళ్ళ ఎరువు మొక్కకి రెండు గుప్పిళ్ళ లెక్కన ఉన్నికి పక్కన వేసి మట్టి కప్పండి. వడగళ్ళు కూడా ఇదే సమయం, ఆకాశం నల్లబడితే షేడ్ నెట్ గట్టిగా కట్టుందో లేదో చూసుకోండి.

వాన పడ్డ వారానికి నేలంతా పచ్చబడుతుంది, గొర్రెలు తాళ్ళు తెంపుకుంటాయి. లేత గడ్డి మీద ఒక్కసారిగా వదిలితే చిటుక రోగం వస్తుంది, సాయంత్రం దాకా బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. దీని టీకా వానలకి ముందే వేయించాలి, మొదటిసారి వేయించే గొర్రెలకి రెండు మూడు వారాలకి ఇంకో డోసు ఉంటుంది కాబట్టి ఏప్రిల్ మొదట్లోనే పశువుల ఆసుపత్రిలో అడిగి పెట్టుకోండి. టీకా అయినా సరే, మొదటి వారం పొద్దున్నే ఎండుగడ్డి పెట్టి, ఆ తర్వాత గంట సేపు మాత్రమే పచ్చికలోకి వదలండి.